క్రీము రంగు సీటు మీద ఎర్రనీళ్ళు

నేను ఒక బ్రష్షును. పళ్ళు తోముకునేదాన్ని కాదు, గోడలకు సున్నం కొట్టేదాన్ని అంతకన్నా కాదు. జానెడు చెక్క, దానికి దట్టంగా నాటిన గుర్రపు వెంట్రుకలు, ఇదీ నా స్వరూపం. గుర్రపు వెంట్రుకలన్నీ ఒకటే అనుకునేరు. తోక వెంట్రుక బిరుసు, జూలు వెంట్రుక మెత్తన. నాకు పెట్టినవి జూలువి. ఈ సంగతి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పడం నాకు అలవాటు. మీరేమీ అనుకోకండి.

ఉత్తరాదిన ఒక చిన్న ఊళ్ళో, రోడ్డు పక్క వరండాలో ఒక నడివయసు ఆవిడ నన్ను తయారుచేసింది. చెక్కకు వరసగా చిల్లులు వేసి, ఒక్కో చిల్లులోకి ఒక్కో కుచ్చు దూర్చి, వెనక నుంచి సన్నటి తీగతో లాగి బిగించింది. అంతా అయ్యాక నన్ను తన చెంపకు రాసుకుని చూసుకుంది. గుచ్చుకోలేదని తల ఊపి బుట్టలో వేసింది. మనుషులు కాలేజీలకు వెళ్ళి తెచ్చుకునే పట్టాలు నాకు ఆ చెంప మీదే దొరికాయి.

అక్కణ్ణుంచి మూటలో రైలెక్కి ఏలూరు చేరాను. కోర్టు గోడ పక్కన బూట్లు పాలిష్ చేసే ఏసుపాదం నన్ను కొన్నాడు. పదకొండేళ్ళు ఆయన పెట్టెలో ఉన్నాను. ఎందరు ప్లీడర్ల బూట్లు నా కింద మెరిశాయో లెక్కలేదు. పొద్దున్నే ఆ బూట్లలో తమ మొహాలు చూసుకుని మురిసిపోతూ లోపలికి వెళ్ళేవాళ్ళు, సాయంత్రానికి వాయిదా పుచ్చుకుని అవే బూట్లతో బయటికొచ్చేవాళ్ళు. కేసు కదలకపోయినా బూటు మాత్రం మెరవాలి. మనుషుల ఈ పట్టుదల వల్లే మా కడుపు నిండేది కాబట్టి నేను దాన్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు.

తర్వాత్తర్వాత ప్లీడర్లు కూడా గుడ్డ బూట్లలోకి దిగారు. వాటిని వాషింగ్ మెషీన్లో పడేస్తారట. ఏసుపాదం పెట్టె మూసేసి ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా చేరాడు. వెళ్ళేముందు నన్ను తన టీకొట్టు స్నేహితుడు నాగుల్‌మీరా చేతిలో పెట్టి, నీదీ తోలు పనే కదా, ఉంచుకో అన్నాడు. నాగుల్‌మీరా కార్ల సీట్లు కుట్టే మేస్త్రి. పాత బస్టాండు దాటాక కార్ల షెడ్లు వరసగా ఉన్న రోడ్డులో, తన అన్న బాజీతో కలిసి రేకుల షెడ్డు నడిపేవాడు. అలా నేను కాళ్ళ దగ్గర నుంచి నడుము దగ్గరికి వచ్చాను. ఇంత పెద్ద ప్రమోషన్ మా బ్రష్షుల్లో ఎవరికీ వచ్చి ఉండదు.

ప్రమోషనైతే వచ్చింది గానీ పని రాలేదు. నన్ను మేకుకు తగిలించి, దుమ్ము దులపడానికి తప్ప ఎవరూ తీసేవారు కాదు. ఇంతలో నాగుల్‌మీరా జ్వరంతో పోయాడు. ఆయన భార్య సైదాబీ అప్పటిదాకా ఇంట్లోనే మిషను మీద సీటు కవర్లు కుట్టి ఇచ్చేది. ఆయన పోయిన మూడో నెలలో తన మిషను రిక్షాలో వేసుకుని షెడ్డుకే వచ్చేసింది. బావగారైన బాజీ కాదనలేదు. షెడ్డు చివర ఒక బల్ల వేయించి, దానికి అడ్డంగా పరదా కట్టించాడు. కారు తెచ్చినవాళ్ళు వచ్చిపోయేవాళ్ళు. వాళ్ళ సీట్లకు అంత తిన్నగా కుట్టు వేసే మనిషి ఒకరు ఆ పరదా వెనక ఉన్నారని ఎవరికీ తెలిసేది కాదు.

సైదాబీ వచ్చిన మొదటిరోజే నన్ను మేకు మీద నుంచి దించింది. దుమ్ము దులిపి, నా వెంట్రుకలను తన ముంజేతి మీద నడిపించుకుని చూసి, ఇంత మంచిదాన్ని ఇక్కడ ఉరేశారేంటి అని తనలో తాను అనుకుంది. ఆ క్షణం నుంచి నేను ఆమె మనిషినైపోయాను. కుట్టు అయ్యాక అతుకుల్లో నూలు పీచు తీయడానికి, తోలుకు క్రీము పట్టించడానికి నన్నే వాడేది. చేస్తున్నంతసేపూ ఆమె మొహంలో ఒక నెమ్మది కనబడేది. ఇల్లు, మొగుడు పోయిన దిగులు, ఊళ్ళోవాళ్ళ మాటలు, ఏవీ ఆ బల్ల దాకా వచ్చేవి కావు.

బాజీ సంగతి కూడా చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు. చెయ్యి మాత్రం మోటు. మరక అంటే ఆయనకు పగ. బట్టల పొడి, ప్లాస్టిక్ బ్రష్షు తీసుకుని దాని అంతు చూడటానికి దిగుతాడు. మరక పోకపోతే తోలు కోసి కొత్తది వేద్దామంటాడు. ఆ ప్లాస్టిక్ బ్రష్షు షెడ్డులో నా పక్క మేకే. దాని పీచు పట్టుకుంటే చేతులు గీసుకుపోతాయి. అది తోలు మీద నడిచొచ్చిన ప్రతిసారీ నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి.

మొన్న శ్రావణంలో ఒకరోజు బాజీ పట్నం నుంచి ఒక పుస్తకం తెచ్చాడు. అందులో అన్ని రకాల కార్లకూ రెడీమేడ్ కవర్ల బొమ్మలున్నాయి. తెప్పించి తొడిగేయడమే, కుట్టే పనే లేదు. పరదా దగ్గర నిలబడి, ఒకటో తారీఖు నుంచి నువ్వు ఎండనపడి రానక్కర్లేదమ్మా, ఇంట్లో హాయిగా ఉండు, నీకు లోటు రానివ్వను అన్నాడు. ప్రేమగానే అన్నాడు, అదే కష్టం. తిడితే తిరగబడొచ్చు, ప్రేమగా అంటే ఏం చేస్తారు? సైదాబీ సరేనని తల ఊపింది. ఆయన వెళ్ళాక నన్ను తీసుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న తోలుముక్కను చాలాసేపు తుడుస్తూ కూర్చుంది. నాకు ఈ పని కావాలి, అని ఒక్కమాట పైకే అంది. వినడానికి నేను తప్ప అక్కడ ఎవరూ లేరు. నాకు నోరు లేనందుకు అంత బాధ ఎప్పుడూ కలగలేదు.

ఒకటో తారీఖుకు ఇంకా నాలుగు రోజులుందనగా ఆ కారు వచ్చింది.

తెచ్చినావిడ సుగుణావతి టీచరు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యారు. అరవై ఒకటో ఏట డ్రైవింగు నేర్చుకుని, ముచ్చటపడి క్రీము రంగు తోలు సీట్ల కారు కొనుక్కున్నారు. జరిగిందంతా ఆవిడే బాజీకి చెప్పుకొచ్చారు. కారు ఇంటికి రాగానే పూజ చేయించారట. దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అంతటితో ఆగితే మనుషులెందుకవుతారు? వదినగారు వర్ధనమ్మ పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపి తెచ్చింది. కారుకే కాదు, నడిపే మనిషికీ దిష్టి తగులుతుందని, ఎడమవైపు తలుపు తీసి లోపలికి వంగి మరీ తిప్పడం మొదలుపెట్టింది. అదే సమయానికి స్టీరింగు ముందు కూర్చున్న టీచరుగారికి హారన్ ఎలా ఉందో చూద్దామని బుద్ధి పుట్టింది. హారన్ మోగింది, వదినగారు ఉలిక్కిపడింది, పళ్ళెం పక్క సీటు మీద బోర్లా పడింది. దిష్టి పోవడం సంగతి దేవుడెరుగు, దిష్టినీళ్ళు మాత్రం పోలేదు.

ఆ తర్వాత వీధి వీధంతా సాయానికి వచ్చింది. వదినగారు బట్టల సబ్బు పెట్టి పీచుతో రుద్దింది. మరక ఇంకా ఎర్రబడింది. సబ్బు చాల్లేదేమోనని మరికాస్త పెట్టారు. ఎదురింటివాళ్ళు పళ్ళ పేస్టు తెచ్చారు. పక్కింటి అమ్మాయి గోళ్ళ రంగు తుడిచే మందు తెచ్చి ఒక మూల రాసింది. అక్కడ మరక అలాగే ఉండి తోలు నిగనిగ మాత్రం పోయింది. రెండు రోజులు ఇలా సాగాక, ఈ వయసులో నీకు కారు అచ్చిరాలేదు అని ఎవరో అన్నారట.

బాజీ సీటు చూశాడు. క్రీము రంగు మీద అరచెయ్యంత మేర ఎర్రగా, చుట్టూ చారలు కట్టి ఉంది. ఆయన చెయ్యి మామూలుగానే ప్లాస్టిక్ బ్రష్షు వైపు వెళ్ళింది. పొడి నీళ్ళలో కలిపి నాలుగు సార్లు గట్టిగా తోమేసరికి మరక ఇంకా చిక్కబడింది. ఇక లాభం లేదండి, తోలు కోసి మార్చాల్సిందే, ఒక్కదాన్నే మారిస్తే రంగు కలవదు, అన్ని సీట్లూ మార్చాలి అని తేల్చేశాడు. టీచరుగారు ముక్కాలిపీట మీద కూలబడ్డారు.

పరదా కదిలింది. కారు తెచ్చినవాళ్ళ ముందుకు సైదాబీ రావడం అదే మొదలు. నన్ను చేతిలో పట్టుకునే వచ్చింది. సబ్బు పెట్టినప్పుడల్లా ఇంకా ఎర్రబడిందా అని టీచరుగారిని అడిగింది. అవునన్నారు.

"ఇది పసుపేనండి. సున్నం కలిపితే ఎర్రగా అయ్యింది. సబ్బు పెట్టినా అంతేనండి. చీర మీద పసుపు పడ్డప్పుడు సబ్బేత్తే ఎర్రబడి, ఎండలో ఆరేత్తే పోద్ది కదండీ. ఆ మరకేనండి ఇది," అంది.

టీచరుగారు కాసేపు ఆమెనే చూశారు. తర్వాత రెండు చేతులతో తల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ముప్పై ఏళ్ళపాటు ప్రతి క్లాసులో కాగితానికి పసుపు రాసి, సబ్బునీళ్ళలో ముంచి, చూశారా పిల్లలూ ఎర్రబడింది అని చూపించిన మనిషి ఆవిడ. అలాంటిది తన కారు దగ్గరికొచ్చేసరికి సబ్బు చాల్లేదని ఇంకా పెట్టించారు. మనుషులు తమ చదువును ఎక్కడ ఉంచుతారో, అవసరానికి ఎందుకు కనబడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బాజీకి నవ్వు రాలేదు, నమ్మకమూ కలగలేదు. పాపం, ఆయన జన్మలో తన చొక్కా తాను ఉతుక్కుని ఎరగడు. పసుపు ఎర్రబడటం, ఎండకు పోవడం ఎప్పుడు చూశాడు గనక? బట్ట వేరు, తోలు వేరు, ఎండలో పెడితే పగిలి ఊరుకుంటుంది అన్నాడు. అందులో నిజం ఉంది. సైదాబీ దాన్ని కాదనలేదు. గొంతు సవరించుకుని, నేను రెండేళ్ళలో ఎప్పుడూ విననంత స్పష్టంగా మాట్లాడింది.

"మూడు రోజులియ్యండి బావగారూ. పోకపోతే కత్తి మీరే పెట్టండి, ఒకటో తారీఖు నుంచి నేనే రాను. పోతే మాత్రం నా బల్ల నాకుండాలి."

బాజీ ఇరుకున పడ్డాడు. టీచరుగారు మధ్యలోనే, నాకు సమ్మతమే, మూడు రోజులు సీటు ఆమెకే వదిలేయండి అన్నారు. మాట అయిపోయింది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది, ఎందుకంటే ఆ మరకతో తలపడాల్సింది నేను.

మొదటిరోజు సీటును కారులోంచి విప్పి బల్ల మీద పెట్టింది. ముందు ప్లాస్టిక్ బ్రష్షు వేసిన సబ్బంతా తడిగుడ్డతో నాలుగైదుసార్లు అద్ది తీసింది. తర్వాత నిమ్మకాయలు కావాలంది. బయటికి పరిగెత్తే పనే లేకపోయింది, పూజకు తెచ్చి చక్రాల కింద పడకుండా మిగిలినవి కారు డిక్కీలోనే ఉన్నాయి. రసం పిండి, దానికి రెండింతలు నీళ్ళు కలిపి, మొదట సీటు అడుగున ఎవరికీ కనబడని చోట ఒక చుక్క వేసి చూసింది. తోలుకు ఏమీ కాలేదు. అప్పుడు గుడ్డ ముంచి పిండి మరక మీద అద్దింది. రుద్దలేదు, అద్దిందంతే. గుడ్డ ఆనిన చోటల్లా ఎరుపు విరిగి పసుపు తేలింది. రెండు నిమిషాల్లో సీటు మీద ఎరుపన్నదే లేదు.

బాజీ వచ్చి చూసి, ఎరుపు పోయి పసుపు వచ్చింది, మరక మరకే కదా అన్నాడు. ఆ మాట నాకు చుర్రుమంది.

ఇక నా వంతు వచ్చింది. గిన్నెడు నీళ్ళలో చంటిపిల్లల షాంపూ నాలుగు చుక్కలు వేసి గిలక్కొట్టి, పైన తేలిన నురగ మాత్రమే నాకు అందించింది. నీళ్ళు ఎక్కువైతే తోలు లోపలికి తాగేస్తుంది, అందుకని నురగే. ఆ నురగతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ మరక అంచు నుంచి మధ్యకు వెళ్ళాను. మధ్య నుంచి అంచుకు వెళితే మరక పెద్దదవుతుంది. తోలుకు కంటికి కనబడని గుంటలుంటాయి. నా వెంట్రుకలు ఆ గుంటల్లోకి దిగి, పసుపును నురగతో పైకి తెచ్చేవి. సైదాబీ పొడిగుడ్డతో తుడిచేది. సాయంత్రానికి నా వెంట్రుకలు పసుప్పచ్చగా మారాయి. పెళ్ళికొడుకును చేసినట్టు ఉన్నానని నాకు నేనే నవ్వుకున్నాను. మరక సగానికి పైగా పలచబడింది. మిగిలినది మాత్రం తోలును పట్టుకుని వదలనంది.

రెండో రోజు ఎండ పని. శ్రావణ మాసం కదా, పొద్దున లేచేసరికి ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. సైదాబీ సీటును షెడ్డు ముందుకు తెచ్చి, మరక ఉన్నంత మేర వదిలి, మిగతా తోలంతా తడిపి పిండిన తెల్లగుడ్డతో కప్పి కూర్చుంది. ఎనిమిదయింది, పదయింది, పన్నెండయింది. సూర్యుడి జాడ లేదు. లోపల బాజీ టేపు తీసుకుని పక్క సీటు కొలతలు కొలుస్తూ, కొత్త తోలు కోయడానికి కాగితం మీద గీతలు గీస్తున్నాడు. పెన్సిల్ చప్పుడు మాకు వినబడుతూనే ఉంది. సైదాబీ ఒకటికి రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. నాకు భయం వేసింది, దాచడం దేనికి?

ఒంటిగంటకు మబ్బు విడి, ఒక్కసారిగా ఎండ పేలింది. సైదాబీ ఏం చేసిందో తెలుసా? సీటును లోపలికి తీసుకుపోయింది. బాజీ ఆశ్చర్యపోయి, పొద్దుట్నుంచి ఎండ కోసమే కదా కూర్చున్నావు, తీరా వస్తే తీసేశావేంటి అన్నాడు. ఈ ఎండకు మరకతోపాటు తోలూ పోద్దండి అంది. చేతిలో ఉన్న రెండు రోజుల్లో ఒక రోజు జారిపోతున్నా ఆ మధ్యాహ్నం ఎండను ఆమె వాడుకోలేదు. మూడు దాటి ఎండ మెత్తబడ్డాకే మళ్ళీ బయటికి తెచ్చింది. దక్కింది రెండు గంటలు. ఆ రెండు గంటల్లో పసుపు గడ్డిరంగుకు దిగింది. బాజీ గీతలు గీసిన కాగితం మాత్రం అప్పటికి పూర్తయి గోడకు వేలాడుతోంది.

మూడో రోజు తెల్లారి ఆకాశం కడిగినట్టు ఉంది. ఏడింటికల్లా సీటు లేత ఎండలో ఉంది. ఎండ జరిగినకొద్దీ సైదాబీ సీటును జరుపుతూ, గుడ్డలు ఆరినప్పుడల్లా తడుపుతూ, అరచెయ్యి వేసి తోలు వేడి చూసుకుంటూ కూర్చుంది. వేడెక్కితే నీడకు, చల్లారితే ఎండకు. ఎనిమిదిన్నరకు మరక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పదింటికి వెతికినా దొరకలేదు.

అప్పుడు క్రీము వేలితో తీసి నా వెంట్రుకల చివర అద్దింది. ఎండకు దాహమైన తోలు ఆ క్రీమును పీల్చుకుంటుంటే నేను సీటంతా తిరిగాను. కోర్టు దగ్గర పదకొండేళ్ళు చేసిన పాలిష్ అంతా ఒకెత్తు, ఆ గంట ఒకెత్తు. నేను గెలిచాను. సరే, మేం గెలిచాం.

బాజీ కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. బొటనవేలు తడి చేసుకుని రాసి చూశాడు. వంగి ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ చూశాడు. పక్క సీటుతో పోల్చి చూశాడు. లోపలికి వెళ్ళి, గోడకు వేలాడుతున్న కాగితాన్ని తీసి మడిచి బల్లసొరుగులో పెట్టేశాడు.

మధ్యాహ్నం టీచరుగారు వచ్చేసరికి సీటు కారులో బిగించి ఉంది. ముందు కుడివైపు చూశారు, తర్వాత ఎడమవైపు. మరక ఏ చోట ఉండేదమ్మా అని అడిగారు, నిజంగానే పోల్చుకోలేక. సైదాబీ చూపించి, తనంతట తానే ఆ మూలకు వేలు పెట్టింది. గోళ్ళ రంగు మందు రాసిన చోట రూపాయి బిళ్ళంత మేర నిగనిగ తగ్గింది, అది తిరిగి రాదండి, క్రీముతో కప్పడమే చేశాను అంది. అడగకుండానే తప్పు చూపించిన మేస్త్రిని నేను మొదటిసారి చూస్తున్నాను అన్నారు టీచరుగారు. ఆ మేస్త్రి అన్న మాటకు సైదాబీ మొహం ఎర్రబడింది. ఆ ఎరుపుకు నిమ్మకాయ అక్కర్లేదు. టీచరుగారు స్టీరింగు ముందు కూర్చుని, రోడ్డు మీద అందరూ తిరిగి చూసేలా హారన్ కొట్టి మరీ వెళ్ళారు.

ఆవిడ ఊరుకునే మనిషా? వారం తిరక్కుండా కాఫీ మరకలు, పెన్ను సిరా, మామిడికాయ పచ్చడి నూనె, ఎన్ని రకాల మరకలతో కార్లు మా షెడ్డు ముందు ఆగాయో. వచ్చినవాళ్ళు బాజీని పలకరించి, సైదాబీ గారు ఎక్కడండీ అని అడిగేవాళ్ళు. రెండు మూడు రోజులు ఆయన పరదా వైపు చెయ్యి చూపించాడు. నాలుగో రోజు తానే పరదా విప్పేసి, ఆ బల్లను ఒక్కడే ఎత్తి మోసుకొచ్చి షెడ్డు ముందు, వెలుతురు బాగా పడే చోట వేశాడు. రెడీమేడ్ కవర్ల పుస్తకం ఆ బల్ల కాలు కింద ఎత్తుకు పెట్టాడు.

ఇప్పుడు నా వెంట్రుకలు సగానికి అరిగాయి. ఒక పక్క పసుపు రంగు ఇంకా వదల్లేదు, నాకు వదలాలనీ లేదు. సైదాబీ నా తర్వాత మరో మూడింటిని తెప్పించింది. కొత్తవి, జూలు వెంట్రుకలవే. వాటికి కష్టమైన పని తగిలితే ఇప్పటికీ చెయ్యి నా దగ్గరికే వస్తుంది. నా గొప్ప చెప్పుకున్నానని అనుకుంటే అనుకోండి. కానీ నేను గొప్ప అనుకునేది ఇదేదీ కాదు, మొన్న జరిగింది.

ఒక డాక్టరుగారి కారు సీటు మీద సిరా పడింది. సైదాబీ వేరే సీటు కుడుతోంది. బాజీ ప్లాస్టిక్ బ్రష్షు ఉన్న మేకు దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి వచ్చి నన్ను తీసుకున్నాడు. ఆ మోటు చేతిలో నేను అంతకుముందెప్పుడూ లేను. నురగలో ముంచి సీటు మీద రెండుసార్లు నడిపి, తృప్తిపడక, సైదాబీ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"చెయ్యి ఎంత బరువెయ్యాలమ్మా?" అని అడిగాడు.

సైదాబీ మిషను ఆపింది. లేచి వచ్చి, ఆయన నన్ను పట్టుకున్న తీరు చూసింది.

"అసలు బరువెయ్యకూడదు బావగారూ. దాని బరువు దానికి చాలు," అంది.

ముప్పై ఏళ్ళుగా ఆ రోడ్డులో పెద్ద మేస్త్రి అనిపించుకున్న మనిషి సరేనని తల ఊపి, పట్టు సడలించి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.